గేటు మీద భూమి

ఊళ్ళో ఆయన్ని బోర్డుమావయ్య అనేవారు. చిన్నా పెద్దా అందరికీ ఆయన మావయ్యే. పోస్టుమాస్టరు ఆయన కంటే పదేళ్ళు పెద్దవాడు, అయినా "మావయ్యా, మా డబ్బా రంగు వెలిసిపోయింది, ఓసారి చూడు" అనేవాడు. నలభై ఏళ్ళపాటు ఆ ఊళ్ళో ఎవరు ఏ దుకాణం తెరిచినా, తాళంచెవి కంటే ముందు బోర్డుమావయ్య నిచ్చెన వచ్చి గోడకు ఆనుకునేది.

ఆయన పనికి రెండు నియమాలు. మొదటిది, గోడ మీద జానెడు చోటు కూడా ఖాళీగా ఉండకూడదు. పళ్ళ డాక్టరు పేరు రాయమంటే పేరు రాసి, పక్కన ఒక పన్ను వేసి, పన్ను పక్కన బ్రష్షు వేసి, ఇంకా చోటు మిగిలితే నవ్వుతున్న ఆడమనిషిని వేసి, ఆవిడ చెవులకు దుద్దులు కూడా పెట్టేవాడు. ఖాళీ వదిలితే పని ఎగ్గొట్టాననుకుంటారని ఆయన భయం. రెండోది, ఏ బోర్డుకైనా కింద దారి చూపించే చెయ్యి ఉండి తీరాలి. ఎడమచేతి చూపుడువేలు చాచి, మిగతా వేళ్ళు మడిచి, గోడకు ఆనించి, కుడిచేత్తో పెన్సిలు పట్టుకుని చుట్టూ గీసేసేవాడు. తర్వాత లోపల రంగు నింపేవాడు. "దుకాణం ఇటు", "డాక్టరు గారు పైన", "బస్సు ఇక్కడ ఆగును", అన్నిటికీ ఆ ఒక్క చెయ్యే.

ఆ ఎడమచేతిలో ఒక లోపం ఉంది. పెళ్ళయిన కొత్తలో నిచ్చెన మీది నుంచి పడి చిటికెన వేలు విరిగింది. అతుక్కుంది గానీ మడవమంటే మడవదు, ఎప్పుడూ పక్కకి లేచే ఉంటుంది. నలుగురిలో ఉన్నప్పుడు ఆయన ఆ చేతిని జేబులోనే ఉంచుకునేవాడు.

ఇన్ని గోడలు రాసిన మనిషికి ఒకే ఒక్క దిగులు. రాసినవాటిలో ఏదీ మిగల్లేదు. దుకాణం చేతులు మారుతుంది, సున్నం కొట్టేస్తారు. డాక్టరు మకాం మారుస్తాడు, ఆ పన్నూ పోతుంది, దుద్దులూ పోతాయి. పైగా ఈమధ్య సందు చివర ఫ్లెక్సీలు ముద్రించే కుర్రాడొకడు యంత్రం పెట్టి, "మావయ్యగారూ, మీకు వారం పట్టేది నాకు ఆరు నిమిషాలండీ" అని చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదే ఎక్కువ మండించింది.

"ఒక్క గోడ" అనేవాడు రోజూ భార్యతో. "నేను పోయాక కూడా ఉండే గోడ ఒక్కటి రాస్తే చాలు."

"ముందు మనింటి గోడకు రంగు వెయ్యండి" అనేది ఆవిడ. ఆ ఇంటికి రంగు పడి పదహారేళ్ళయింది.

ఆ ఒక్క గోడ మేనకోడలి చేతుల మీదుగా వచ్చింది. ఆ అమ్మాయి బడిలో సైన్సు టీచరు. ఎనిమిదో తరగతికి నక్షత్రాలూ సౌరకుటుంబమూ పాఠం చెప్పి పరీక్ష పెడితే, ఒక పిల్లవాడు "గ్రహాలు సూర్యుడి పక్కన ఇరుకుగా సర్దుకుని ఉండును" అని రాశాడు. వాణ్ణి అని లాభం లేదు. తరగతి గదిలోని బొమ్మలో సూర్యుడూ ఎనిమిది గ్రహాలూ బస్సులో కిటికీ సీటు కోసం తోసుకుంటున్నట్టే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ అదే బొమ్మను ఇంకా పెద్దగా ఫ్లెక్సీ కొట్టించి బడి బయటిగోడకు కట్టించాలనుకుంటున్నారు. మేనకోడలు వారం రోజులు ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి హెడ్‌మిస్ట్రెస్ దిగొచ్చారు. గురువారం తనిఖీకి విద్యాధికారి వస్తున్నారు, ఆయన చూసి బాగుందంటే చేతిరాత గోడ ఉంటుంది. లేదంటే సాయంత్రానికి దాని మీద మేకులు దిగి ఫ్లెక్సీ ఎక్కుతుంది.

"మూడొందల మూడు మీటర్ల గోడ!" అన్నాడు మావయ్య, కళ్ళు మెరుస్తుంటే. "సూర్యుణ్ణి రెండంతస్తులంత వేస్తాను."

"బత్తాయి పండంత వెయ్యాలి మావయ్యా" అంది మేనకోడలు.

వంటింట్లో పీట మీద లెక్క తేలింది. గోడ ఈ చివర సూర్యుడు, ఆ చివర నెప్ట్యూన్. దూరాలన్నీ అదే కొలతలో తగ్గిస్తే సూర్యుడు బత్తాయి. అత్తయ్య డబ్బాలు తీసింది. గురుడికి ఒక శనగ గింజ. శనికి దానికంటే రవ్వంత చిన్నది. భూమి దగ్గరికొచ్చేసరికి మేనకోడలు గసగసాల డబ్బాలో వేలు ముంచి, వేలికి అంటుకున్నవాటిలోంచి ఒక్క గింజను పీట మీద పెట్టింది.

మావయ్య వంగి చూశాడు. "ఇదా?"

"అదే."

"సముద్రాలతో సహా?"

"సముద్రాలతో సహా."

అప్పుడే అత్తయ్య తుమ్మింది. భూమి కనబడలేదు. ముగ్గురూ కాసేపు నేల మీద వెతికి మరో గింజ తీసుకున్నారు.

"మరి మధ్యలో ఏం వెయ్యాలి?" అన్నాడు మావయ్య. ఆయన గొంతు అప్పటికే నీరసంగా ఉంది.

"ఏమీ వెయ్యకూడదు. మధ్యలో ఏమీ లేదు."

నలభై ఏళ్ళ నియమం మీద ఆ మాట పిడుగులా పడింది. కానీ గోడ గోడే. కాదంటే ఫ్లెక్సీ కుర్రాడి పాలవుతుంది. మావయ్య పంటి బిగువున ఒప్పుకున్నాడు.

గోడ పైభాగమంతా నలుపు, కింద గజమెత్తున తెల్ల అంచు. నలుపు పూసినన్నాళ్ళూ ఆయనకి హాయిగానే ఉంది. తర్వాత ఒక మధ్యాహ్నం మేనకోడలు క్లాసులో ఉన్న సమయం చూసుకుని, గురుడికీ శనికీ మధ్య ఉన్న నలభై నాలుగు మీటర్ల ఖాళీలో ఒక నక్షత్రం వేశాడు. ఒకటి ఒంటరిగా ఉందని ఇంకొకటి వేశాడు. బడి గంట కొట్టేసరికి నలభై అయ్యాయి.

"మావయ్యా! సౌరకుటుంబంలో ఉండే నక్షత్రం ఒక్కటే, సూర్యుడు. రాత్రి మనకి చుక్కల్లా కనబడేవన్నీ అలాంటి సూర్యుళ్ళే. ఎంతో దూరాన ఉన్నాయి కాబట్టి చుక్కల్లా ఉన్నాయి. మన కొలతలో అన్నిటికంటే దగ్గరిది ఎక్కడుండాలో తెలుసా? రెండు వేల ఏడు వందల కిలోమీటర్ల అవతల."

"అంత దూరంలో మనకి గోడ లేదుగా" అన్నాడు మావయ్య. మొహం మాడ్చుకుని నలభై నక్షత్రాలనూ నల్లరంగుతో ఆర్పేశాడు.

గ్రహాలను వేయడం ఇంకో అవస్థ. ఆయన దగ్గరున్న అతి సన్న కుంచె కూడా బుధుడికి చీపురులా కనిపించింది. చివరికి అత్తయ్య కుట్టుసూది తెచ్చి, మొనను రంగులో ముంచి, ఊపిరి బిగబట్టి గోడకు తాకించాడు. వేశాక తనకే కనబడక, పక్కనే తెల్ల అంచులో అలవాటు కొద్దీ చెయ్యి గీశాడు. చేతి కింద రాశాడు: "బుధుడు. ఇదిగో. వంగి చూడండి."

మేనకోడలు అది చూసి మొదట నవ్వింది. తర్వాత ఆలోచించింది. "అన్నిటికీ గియ్యి మావయ్యా. అంచులోనే సుమా, నలుపులోకి రాకూడదు" అంది. దాంతో ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "గురుడు: ఇంకా ముప్పై ఏడు మీటర్లు. నిరాశ వద్దు." "యురేనస్: తొంభై ఆరు మీటర్లు. మంచినీళ్ళు తాగి బయలుదేరండి."

భూమి దగ్గర మాత్రం కొంప మునిగింది. టేపు పెట్టి చూస్తే సూర్యుడికి సరిగ్గా పది మీటర్ల దూరంలో గోడ లేదు. అక్కడ బడి గేటు ఉంది. తొమ్మిదో మీటరు నుంచి పదమూడో మీటరు దాకా రెండు రేకు తలుపులు. సూర్యుణ్ణి జరుపుదామంటే అవతల నెప్ట్యూన్ గోడ దాటి టైర్ల దుకాణంలో పడుతుంది.

మావయ్య నోరెత్తకుండా భూమిని గేటు స్తంభం మీద వేసేశాడు. నూట ఇరవై సెంటీమీటర్లు ఇటు. చూసేవాళ్ళకేం తెలుస్తుంది? తెలిసింది. ఆ సాయంత్రమే మేనకోడలు టేపు పట్టుకుని వచ్చింది.

"భూమి సూర్యుడికి ఇంత దగ్గరైతే ఏమవుతుందో తెలుసా? తొందరగా తిరిగేస్తుంది. ఏడాదికి మూడొందల ఒక్క రోజే."

"పోనీలే, అరవై రోజులేగా."

"నీకిప్పుడు అరవై రెండు కదా. ఆ లెక్కన డెబ్బై అయిదు."

మావయ్య గుడ్డ తీసుకుని భూమిని తుడిచేశాడు. ఎండిన రంగు రాకపోతే గోరుతో గీకాడు. అలా భూమి, గోడలాగే నలుపూ తెల్ల అంచూ పూసిన గేటు మొదటి రేకు మీదికి, కీలుకు మీటరు దూరానికి చేరింది. దాని పక్కన రెండున్నర సెంటీమీటర్ల దూరంలో చందమామ, ఉందంటే ఉంది, లేదంటే లేదు. కింద చెయ్యి: "భూమి. మనమంతా ఇక్కడే."

ఇదంతా చూస్తున్న వాచ్‌మన్‌కి ఒక్కసారిగా ఉద్యోగం మీద గౌరవం పెరిగింది. మర్నాటి నుంచి గేటు తెరిచేటప్పుడల్లా "జరగండి, జరగండి, భూమి తిరుగుతోంది" అని కేకెయ్యడం మొదలుపెట్టాడు.

బుధవారం హెడ్‌మిస్ట్రెస్ వచ్చి గోడ పొడుగునా చూశారు.

"ఏమిటిది? మసి పూసినట్టు పూసి వదిలేశారు! గ్రహాలేవి?"

"ఉన్నాయండీ" అన్నాడు మావయ్య. "కళ్ళజోడు పెట్టుకుంటే కనబడతాయి."

"పెట్టుకునే ఉన్నాను!"

ఆవిడ చెడ్డమనిషి కాదు. రేపు అధికారి ముందు ఏం చెప్పుకోవాలన్నదే ఆవిడ బెంగ. కాసేపు నుదురు రుద్దుకుని ఒక మెట్టు దిగారు. "చూడండి, మీ కష్టం నాకు తెలుసు. ఆ ఖాళీలో ఓ నాలుగు నక్షత్రాలు, ఒక రాకెట్టు వెయ్యండి చాలు. నిండుగా ఉంటుంది. ఆయనకెలా ఉన్నా సరే, నేనే ఉంచేస్తాను. ఫ్లెక్సీ మాటే ఎత్తను."

గోడ చేతిలోకి వచ్చేసింది. మావయ్య కుంచె కూడా తీశాడు. నలుపుకేసి చూశాడు. నలభై ఏళ్ళుగా జానెడు చోటు కనిపిస్తే చెయ్యి ఊరుకోని మనిషి. వారం రోజులుగా ఆ గోడ వెంట టేపు పట్టుకుని అటూ ఇటూ నడిచి నడిచి, శని నుంచి యురేనస్‌కి పోయే దారిలో కాళ్ళు లాగిన మనిషి. ఆ ఖాళీ ఎంతుందో ఇప్పుడు ఆయన పిక్కలకు తెలుసు.

"కుదరదండీ" అన్నాడు. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది. "అక్కడ ఏమీ లేదు. లేనిది ఎలా వేస్తానండీ?"

హెడ్‌మిస్ట్రెస్ ఫ్లెక్సీ కుర్రాడికి కబురు పంపారు.

గురువారం పదిగంటలకు ఫ్లెక్సీ కుర్రాడు చాపచుట్టలాంటి చుట్ట భుజాన వేసుకుని, మేకుల పొట్లంతో గోడకు అటువైపు నిలబడ్డాడు. మావయ్య ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని ఇటువైపు నిలబడ్డాడు. ఎనిమిదో తరగతి పిల్లలు మధ్యలో వరుసకట్టారు. అధికారి కారు వచ్చింది. వాచ్‌మన్ ఆనాటికి బట్టలు ఇస్త్రీ చేయించుకున్నాడు. గేటు రెండు తలుపులూ బార్లా తెరిచి, లోపలి గోడ దాకా తోసి, కదలకుండా ఇటుకలు పెట్టి సెల్యూట్ కొట్టాడు.

అధికారి భారీ మనిషి. కారు దిగి, హెడ్‌మిస్ట్రెస్‌తో బయటికి నడిచి, సూర్యుణ్ణి చూశారు. "చిన్నగా ఉన్నాడే" అన్నారు. బుధుడి దగ్గర వంగారు. శుక్రుడి దగ్గర వంగడానికి కొంచెం ఆలోచించి వంగారు. తర్వాత గేటు ఖాళీ దాటి అటువైపు గోడ దగ్గరికెళ్ళి చేతి కింద చదివారు: "కుజుడు."

ఆగారు. వెనక్కి చూశారు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు.

"భూమి ఏది?"

హెడ్‌మిస్ట్రెస్ ముఖం పాలిపోయింది. మావయ్య పైప్రాణాలు పైనే పోయాయి. గేటు తీస్తే భూమి పోతుందని ఆయనకి తెలియక కాదు. అధికారి వస్తే గేటు తీస్తారన్నది తట్టలేదు. అధికారి వెనక్కొచ్చి, భూమి ఉండాల్సిన చోట, గేటు మధ్యలో నిలబడి నేల మీద కూడా వెతికారు.

"లోపలికెళ్ళిందండీ" అన్నాడు వాచ్‌మన్.

"ఏది?"

"భూమండీ. మీ కారొచ్చింది కదా, దారిచ్చింది. ఒక్క క్షణం, పిలుస్తాను." ఇటుక కాలితో తన్ని, రేకు పట్టుకుని లాగుతూ అలవాటు కొద్దీ పెద్దగా కేకేశాడు. "జరగండి, జరగండి, భూమి తిరుగుతోంది!"

అధికారి కంగారుగా రెండడుగులు వెనక్కి వేశారు. గేటు కిర్రుమంటూ వచ్చి ఆయన పొట్టకు బెత్తెడు దూరంలో ఆగింది. ఎదురుగా, కళ్ళకు కొంచెం కింద, ఆ చుక్క. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ముక్కు రేకుకు తగిలేంతగా వంగారు.

"ఇంతేనా?" అన్నారు. "ఇందులో మన ఊరెక్కడ?"

"అందులోనే అన్నీ ఉన్నాయి సార్" అంది వరుసలోంచి ఒక పిల్ల. "మీ ఆఫీసు కూడా."

ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి నవ్వలేదు. మళ్ళీ వంగి చూశారు. తర్వాత ఎవరూ అడక్కుండానే నడక మొదలుపెట్టారు. గురుడి దగ్గర "ఇంకా ఎంత?" అన్నారు. శని దగ్గర చేతిలోని ఫైలు హెడ్‌మిస్ట్రెస్‌కి ఇచ్చి, ఆ ఫైలుతో విసరమన్నంత పని చేశారు. "సూర్యుడి వెలుగు కూడా ఈ గోడ మీద చీమ నడకనే పోతుంది సార్" అని మేనకోడలు చెప్పింది. "భూమి దాకా రావడానికే ఎనిమిది నిమిషాలు పడుతుంది." యురేనస్ దగ్గర ఆయన రోడ్డు పక్క గట్టు మీద కూలబడి, గోడ మీద రాసినట్టే మంచినీళ్ళు తాగి బయలుదేరారు. వెనక హెడ్‌మిస్ట్రెస్, ఆవిడ వెనక పిల్లలు, వాళ్ళ వెనక ఏం జరుగుతోందో చూద్దామని టైర్ల దుకాణం వాళ్ళు, అందరి వెనకా చుట్ట మోసుకుంటూ ఫ్లెక్సీ కుర్రాడు.

గోడ చివర నీలం చుక్క. దాని కింద ఆఖరి చెయ్యి, పైకి కాకుండా రోడ్డు వైపు చూపిస్తోంది: "గ్రహాలు ఇంతటితో సరి. పక్క నక్షత్రానికి ఇలాగే ముందుకు, 2,700 కిలోమీటర్లు."

అధికారి రోడ్డు వైపు చూశారు. "మధ్యలో ఏముంది?"

"ఏమీ లేదండీ" అన్నాడు మావయ్య, ఆ చోటంతా తనే ఖాళీ చేయించినంత గర్వంగా. మేనకోడలు తోకచుక్కల గురించి ఏదో అనబోతే కళ్ళతోనే ఆపాడు.

అధికారి చెమట తుడుచుకున్నారు. "ముప్పై ఏళ్ళుగా ఈ పాఠం ఉన్న పుస్తకాల మీద సంతకాలు పెడుతున్నాను. అన్నీ పక్కపక్కనే ఉంటాయనుకున్నాను." హెడ్‌మిస్ట్రెస్ వైపు తిరిగారు. "ఈ గోడ జోలికి ఎవరూ వెళ్ళకూడదు. సున్నం వెయ్యకూడదు, మేకు కొట్టకూడదు. కాగితం పంపిస్తాను."

ఫ్లెక్సీ కుర్రాడు చుట్ట దించి, "మావయ్యగారూ, మీరే గెలిచారండీ" అన్నాడు. ఈసారి ఆ మర్యాద మండించలేదు.

మావయ్యకి కళ్ళు చెమ్మగిల్లాయి. జీవితంలో మొదటిసారి ఒక అధికారిని నోరు తెరిచి అడిగాడు. "అయ్యా, ఓ మూల చిన్నగా నా పేరు..."

"బడి గోడల మీద వ్యక్తుల పేర్లు ఉండకూడదు. రూలు." ఆయన ముఖం చూసి అధికారికి జాలేసింది. "ఏం చెయ్యమంటారు, ఆ రూలు మీదా సంతకం నాదే."

ఆ రాత్రి మావయ్య అన్నం సగంలో లేచాడు. కోరుకున్న గోడ దొరికింది, కలకాలం ఉంటుంది. ఎవరు రాశారో మాత్రం ఎవరికీ తెలియదు. ఇదేం న్యాయమని ఆయనకి ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున అత్తయ్య తనూ చూస్తానని వెంట వచ్చింది. గేటు ఇంకా తెరవలేదు. ఆవిడ చుక్కను చూడలేదు. కింద అంచులోని చేతినే చూస్తూ నిలబడింది. చూపుడువేలు భూమి వైపు చూపిస్తోంది, మూడోదీ నాలుగోదీ మడిచి ఉన్నాయి, చిటికెన వేలు ఒక్కటీ మాట వినకుండా పక్కకి లేచి ఉంది.

"ఇది మీ చెయ్యే కదండీ" అంది. ఆ వేలి మీద తన వేలు పెట్టింది. "నేను కట్టు కట్టిన వేలే."

మావయ్య నలభై ఏళ్ళుగా గీస్తున్నాడు గానీ ఎన్నడూ అలా చూసుకోలేదు. గీశాడు, రంగు నింపాడు, వెళ్ళిపోయాడు, అంతే. గోడ వెంట నడిచి చూశాడు. సూర్యుడి దగ్గర అదే వేలు. గురుడి దగ్గర అదే. మూడొందల మీటర్ల అవతల నెప్ట్యూన్ దగ్గర కూడా అదే వంకర.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర ఒకటో తరగతి పిల్లలు మూగారు. ఒకరికొకరు భూమిని చూపించుకుంటున్నారు. అందరూ చూపుడువేలు చాచి, మిగతావి మడిచి, చిటికెన వేలు మాత్రం నానా తంటాలు పడి పక్కకి లేపి పట్టుకున్నారు. ఒక బుడతడికి అది నిలబడక రెండో చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

"ఆ వేలెందుకురా అలా?" అన్నాడు మావయ్య.

వాడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "భూమిని ఇలాగే చూపించాలి తాతా. గోడ మీద ఉందిగా, నీకు తెలీదా?"

మావయ్య ఎడమచేతిని జేబులోంచి తీసి, వాడి పక్కన వంగి, తనూ అలాగే చూపించాడు.